అయ్యగారు రమ్మనే దాకా

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా చెప్పేస్తాను. నేను బైబిలు స్త్రీ ఉద్యోగంలో చేరింది దేవుడి పిలుపు విని కాదు. మిషన్ బంగళాలో ఎప్పుడో వెళ్లిపోయిన దొరసానులు వదిలేసిన పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. ఆ బీరువా ఉన్న గదినే బైబిలు స్త్రీకి ఇచ్చేవారు. ఆ గది తలుపుకి లోపలి నుంచి వేసుకునే గడియ ఉంది. రాజోలు దగ్గర మా ఇంట్లో ఏ తలుపుకీ లోపలి గడియ లేదు. పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి చేతిలో చీపురు పెట్టేవారు. నేను ఆ గడియని, ఆ బీరువాని చూసి చేరాను.

చేరిన మొదటి ఆదివారం నన్ను చర్చిలో నిలబెట్టి, దేవుడు నిన్ను ఎలా పిలిచాడో సాక్ష్యం చెప్పమన్నారు. నాకు నోరు పెగల్లేదు. పక్కనే ఉన్న ఎస్తేరమ్మగారు అందుకుని, ఈ పిల్లకి దేవుడు కలలో కనబడ్డాడని, అది తలుచుకునే మాట రావడం లేదని చెప్పేశారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను తల దించుకున్నాను. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఒకటే వాక్యం: బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి.

ఆ తరవాత దాదాపు తొమ్మిదేళ్లు ఆ పని చేశాను. ఇప్పుడు పెళ్లయి రాయవరం వెళ్లిపోతున్నాను. ముప్పై నిండకుండానే రిటైరయ్యానంటే మా వాళ్లు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. నా తరవాత ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. నోటితో చెప్పడం నాకు ఎలాగూ చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

పని ఏమిటంటే

సంచిలో బైబిలు, చేతిలో గొడుగు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకి వాక్యం చదవాలి. ప్రార్థన చెయ్యాలి. జబ్బు పడ్డవాళ్లని చూడాలి. చర్చికి రానివాళ్లు ఎందుకు రావడం లేదో కనుక్కోవాలి. మిషన్ వాళ్లు చెప్పేది ఇంతే. అసలు పనిలో సగభాగం తలుపు బయట నిలబడటం.

మా పేట అమలాపురం దాటగానే వస్తుంది. నేను వీధి మలుపు తిరగగానే నా గొడుగు చూసి గడియలు పడేవి. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయేది. మొదట్లో ఇది నా మీద అయిష్టం అనుకుని బాధపడ్డాను. తరవాత తెలిసింది, వాళ్లు తలుపులు వేసుకున్నది నా గొడుగు వెనకాల వచ్చే ఎస్తేరమ్మగారిని చూసి.

ఎస్తేరమ్మగారు నా పై అధికారి. నేను పుట్టకముందు నుంచీ ఈ పనిలో ఉన్నారు. దేవుడి కోపం గురించి ఆవిడ చెబుతుంటే, ఆయన వసారాలో మంచం వేసుకుని పడుకున్న మామగారిలా అనిపించేవాడు. ఎప్పుడు దగ్గుతాడో, ఎందుకు దగ్గుతాడో తెలియదు, కోడళ్లు మాత్రం మునివేళ్ల మీద నడవాలి. తుఫాను వచ్చి కొబ్బరి చెట్లన్నీ పడిపోయినప్పుడు అది దేవుడి కోపమే అన్నారు. ఆ తుఫానులో ముందు ఎగిరిపోయింది మా చర్చి పైకప్పు. కల్లు పాక మీద ఒక ఆకు కూడా కదల్లేదు. ఆ సంగతి డైరీలో రాసుకున్నాను గానీ ఆవిడని అడగలేదు. రెండు వేల సంవత్సరం వస్తే లోకం ఆఖరైపోతుందని ఆవిడ ఏడాది ముందు నుంచీ అందరినీ సిద్ధం చేశారు. జనవరి ఒకటిన ఎప్పటిలాగే పొద్దు పొడిస్తే, "ఇంకో అవకాశం ఇచ్చేడు" అన్నారు, కాస్త చిన్నబోయిన ముఖంతో.

ఆవిడ దగ్గర గుడ్డ మీద వేసిన పటం ఒకటి ఉండేది. రెండు దారుల పటం. వెడల్పు దారి మంటల్లోకి పోతుంది, ఇరుకు దారి పరలోకానికి పోతుంది. చాలా పాతది కావడంతో చెదలు పట్టి, ఇరుకు దారి చివర ఉండాల్సిన పరలోకాన్ని పూర్తిగా తినేశాయి. మంటలు మాత్రం రంగు కూడా తగ్గకుండా మిగిలాయి. ఎస్తేరమ్మగారు ఆ చిల్లి వెనక నుంచి చెయ్యి బయటికి పెట్టి, "పరలోకం ఇక్కడ ఉంటాది" అని వేళ్లు ఆడించేవారు. పిల్లలకి ఆ పటంలో సైతాను తరవాత అంత ఇష్టమైనది ఆవిడ చెయ్యే.

ఆవిడ గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. పేటలో ఎవరికి జ్వరమొచ్చినా గంజి పట్టుకుని ముందు వెళ్లేది ఆవిడే. తాగిస్తూ నరకం గురించి చెప్పేవారు. గంజి వేడికీ, మాటల వేడికీ చెమట పట్టి జ్వరం దిగిపోయేది.

చదవడం, ఆపడం

నాకు బోధించడం రాదు. నలుగురి ముందు నోరు తెరిస్తే నా గొంతు నాకే వినబడదు. కానీ పుస్తకం చేతిలో ఉంటే వేరు. బీరువాలో నవలలు, బయట అద్దెకి తెచ్చుకున్న వారపత్రికలు చదివి చదివి, కథని ఎక్కడ ఆపితే మనిషికి నిద్ర పట్టదో నాకు తెలిసిపోయింది. అదే పని వాక్యంతో చేశాను. యోసేపుని అన్నలు గోతిలో పడేసిన చోట బైబిలు మూసి, రేపు వస్తానండీ అని లేచిపోయాను. మర్నాడు పొద్దున్నే ఒక ముసలమ్మగారు బంగళాకే వచ్చేశారు. "అమ్మాయిగారూ, ఆ కుర్రాణ్ణి గోతిలోంచి తీసేరా లేదాండీ? నాకు అన్నం సయించడం లేదు" అన్నారు. నెల తిరిగేసరికి గొడుగు కనబడగానే గడియలు తీయడం మొదలైంది. ఎస్తేరమ్మగారు మాత్రం, దేవుడి వాక్యాన్ని సీరియల్ చేసేవని చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఒకసారి జలప్రళయం చదువుతూ, నీళ్లు కొండలు ముంచేసిన చోట ఆపాను. ఆ సాయంత్రమే నాకు జ్వరం తగిలింది. వారం తరవాత వెళ్లి చూస్తే, ఇక ముంచనని దేవుడు ఇంద్రధనుస్సు చూపించి మాటిచ్చిన సంగతి తెలియక పేట పేటంతా బిక్కచచ్చిపోయి ఉంది. వారమంతా పిల్లలెవరూ అబద్ధం ఆడలేదట. ఇద్దరు తోడికోడళ్లు తగువు మానేసి ఒకే పొయ్యి మీద వండుకున్నారట. ఎస్తేరమ్మగారు ఎంతో సంతోషించారు. నేను మాత్రం ఆ పిల్లల ముఖాలు చూసి, కూర్చోకుండానే ఇంద్రధనుస్సు దాకా చదివేశాను. కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది: కథని ఎక్కడైనా ఆపండి గానీ కోపం దగ్గర ఆపకండి. మీకు జ్వరం రావచ్చు. వినేవాళ్లు అక్కడే ఉండిపోతారు.

అలా కోపం దగ్గరే ఆగిపోయిన మనిషిని నేను నిజంగా చూశాను.

ఏసుపాదం గారు

మార్తమ్మగారు ఒకరోజు పొద్దున్న బంగళా మెట్ల దగ్గర కూర్చుని, "మగాణ్ణి ఇంట్లోంచి బయటికి పంపే వాక్యం ఏదైనా ఉందాండీ, అమ్మాయిగారూ?" అని అడిగారు.

ఆవిడ భర్త ఏసుపాదం గారు దింపు పని చేసేవారు. అంటే కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపడం. ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని రైతులే అనేవారు. ఆయనతో కలిసి పని చేసే మనిషి ఒకాయన అంతకుముందు నెలలో చెట్టు మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ ఏసుపాదం గారు చెట్టెక్కడం మానేశారు. పొద్దస్తమానం వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటున్నారు. "కూరలో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో నాకు నేర్పుతున్నాడండీ. ఇంకో నెల ఇలాగే ఉంటే నేను చెట్టెక్కాల్సొస్తాది" అన్నారు మార్తమ్మగారు.

చెయ్యి జారితే ఎక్కడికి పోతాననేది ఆయన భయం. కాలు విరుగుతుందని కాదు. దేవుడికి తన మీద కోపం ఉందని, ఆ కోపం దిగకుండా చస్తే గతి లేదని ఆయన నమ్మకం.

ఈ సంగతి పేటలో అందరికీ సగం సగం తెలుసు. పదేళ్ల పైనుంచీ ఏసుపాదం గారు చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుంటున్నారు. ప్రభు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి అందరూ ముందుకి వెళ్తే, ఆయన కదిలేవారు కాదు. ఎందుకంటే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పేవారు. తాగి వచ్చారని ఒకరు, కానుక సంచిలో చెయ్యి పెట్టారని ఒకరు, అయ్యగారి మీద చెయ్యెత్తారని ఇంకొకరు. మా చర్చిలో పాస్టరుగారిని అయ్యగారు అంటాం. అయ్యగార్లు మారినప్పుడల్లా, వచ్చినాయన వెళ్లినాయన ఏదో కారణం ఉండే ఆపి ఉంటారనుకుని ఊరుకున్నారు.

ఆయన్నే అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ ధైర్యం లేదు. వాళ్లింటికి వెళ్లి, ఏదో చదివి, లేవబోతుంటే ఆయనే చెప్పారు.

పదేళ్ల కిందట కోతపండుగ. ఆ రోజు అందరూ తమ పంటలో మొదటిది చర్చికి తెస్తారు. గెలలు, బియ్యం, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట వేస్తారు. ఏసుపాదం గారు తను పెంచిన ఎర్ర పుంజుని తెచ్చి, కాళ్లు కట్టి బెంచీ కింద పెట్టుకున్నారు. అప్పటి అయ్యగారు దైవసహాయం గారు. ఆయన గొంతుకి చర్చి పెంకులు కదిలేవని చెప్పుకుంటారు. దేవుడి ఉగ్రత గురించి చెబుతూ చెబుతూ బల్ల మీద గుద్ది, ఆ కోపం ముందు నిలబడగలిగిన వాడు ఈ చర్చిలో ఒక్కడైనా ఉన్నాడా అని అడిగి ఆగారు. ఆ నిశ్శబ్దంలో పుంజు కూసింది. ముందు పిల్లలు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. దైవసహాయం గారు ఎర్రబడిపోయి, ఆ పుంజుని తెచ్చినవాడు లేవాలన్నారు. లేచిన ఏసుపాదం గారితో, దేవుడి ఉగ్రత నీ మీద ఉంది, వెనక్కి పో, నేను రమ్మనే దాకా ముందుకి రాకు అన్నారు.

ఆయన రమ్మనలేదు. కొన్నాళ్లకి బదిలీ అయి వెళ్లిపోయారు.

"వెళ్లే రోజు బస్సు దగ్గరికి వెళ్లేనండీ. మూట పైకెక్కించమన్నారు. ఎక్కించేను. ఇప్పుడంటారేమోనని దిగొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డానండీ. బస్సు కదిలిపోయింది."

మరి మీరే అడగకపోయారా బాబాయిగారూ అన్నాను.

"కోపంలో ఉన్నాయన్ని అడుగుతారాండీ ఎవరైనా? తుఫానొచ్చి చెట్లన్నీ పడిపోతే, నా ఒక్కడి మీద కోపానికి ఊరందరి చెట్లూ పడగొట్టేడేమో అనుకున్నానండీ. ఎవరికీ చెప్పలేదు. చెప్తే తంతారు గదండీ."

మార్తమ్మగారు అటు తిరిగి పొయ్యి ఊదుతున్నారు. పొయ్యి బాగానే మండుతోంది. కాసేపటికి, "బల్ల దగ్గర మోకరిస్తే నా పక్క చోటు ఖాళీగానే ఉంచుతానండీ ఎప్పుడూ. మొగుడుండగానే విధవలాగ వెళ్లి, విధవలాగ తిరిగొస్తన్నాను" అన్నారు.

మేం చేసిన ప్రయత్నాలు

కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రవాడు, మంచివాడు. నేను చెప్పగానే తరవాతి ఆదివారమే, ఏసుపాదం గారూ, ముందుకి రండి అని పిలిచారు. చర్చి అంతా తల తిప్పి చూసింది. ఆయన లేచి చేతులు కట్టుకుని, మీరు మంచోరేనండీ, కానీ తాళం వేసినాయన దగ్గరే గదండీ చెవి ఉండేది అని, మళ్లీ కూర్చున్నారు. ఎస్తేరమ్మగారు అది చాలా సబబుగా ఉందన్నారు.

ఇక నాకు మిగిలింది చదవడమే. పేతురు కథ ఎత్తుకున్నాను. ఆయన ఎవరో నాకు తెలియదని ప్రభువుని కాదన్న పేతురు, కోడి కూయగానే ఏడ్చిన పేతురు. కోడి వచ్చేసరికి ఏసుపాదం గారు ముందుకి జరిగారు. ఈసారి నేను మధ్యలో ఆపలేదు. ప్రభువు తిరిగి లేచాక సరస్సు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, ఆ కాదన్నవాడినే పిలిచి పెట్టిన దాకా చదివేశాను. ఒక్క తిట్టు లేదని, కోడి సంగతి ఎత్తనే లేదని చూపించాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "ఏం చేపండీ అవి?" అన్నారు.

అది రాసి లేదండీ అన్నాను.

"ఆయ్. పేతురుగార్ని అనాల్సినాయనే స్వయంగా పిలిచేరు గదండీ. నన్ను పిలవాల్సినాయన రామచంద్రపురంలో ఉన్నారు."

రేవు దాటి

అందుకని రామచంద్రపురం బయల్దేరాం. దైవసహాయం గారు రిటైరై అక్కడ ఉంటున్నారు. ఏసుపాదం గారు, మార్తమ్మగారు, నేను. ఎస్తేరమ్మగారిని ఎవరూ పిలవలేదు. ఆవిడ పటం చుట్టి చంకన పెట్టుకుని మాకంటే ముందు బస్టాండులో ఉన్నారు. తను ఇంకా ఆ పటాన్నే వాడుతున్నానని అయ్యగారికి చూపించాలట.

ముక్తేశ్వరం రేవులో పంటు అనే బల్లకట్టు పడవ ఎక్కి గోదావరి మీదుగా కోటిపల్లి వైపు దాటాం. మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, ఒక మేక, మధ్యలో మేము. ఏసుపాదం గారు ఒళ్లో కొబ్బరికాయల సంచి పెట్టుకుని కూర్చున్నారు. అయ్యగారి దగ్గరికి ఉత్త చేతుల్తో వెళ్లకూడదని కొన్నారు. పుట్టి బుద్ధెరిగాక కొబ్బరికాయలు కొన్నది ఇదే మొదటిసారని, బేరం కూడా చేతకాలేదని మార్తమ్మగారు మేక యజమానితో సహా అందరికీ చెప్పారు.

దైవసహాయం గారు వీధి అరుగు మీద కూర్చుని కాకులకి ఇడ్లీ ముక్కలు వేస్తున్నారు. పెంకులు కదిలించిన గొంతు అంటే నేను ఎంతో పెద్ద మనిషిని ఊహించుకున్నాను. సన్నగా, పళ్లూడిపోయి, ఒక చెవి వినబడక, ఎవరు మాట్లాడితే వాళ్లకి రెండో చెవి తిప్పుతున్న ముసలాయన. ఏసుపాదం గారు మెట్టు కిందే నిలబడిపోయారు. ఎస్తేరమ్మగారు సంగతంతా చెప్పారు.

అయ్యగారి ముఖం వెలిగిపోయింది. "కోతపండుగ పుంజు. ఎర్రది. మెడ మీద నల్ల ఈకలు. దాన్ని వేలంలో నేనే పాడేను గదా. మా ఆవిడ గసగసాలు, కొబ్బరి ముద్ద వేసి వండింది. ఇప్పటికీ చెప్పుకుంటాం."

"మరి నా సంగతండీ?" అన్నారు ఏసుపాదం గారు.

"నీ సంగతేంటి?"

"వెనక్కి పొమ్మన్నారండీ."

"అన్నానా?"

"మీరు రమ్మనే దాకా రావద్దన్నారండీ."

"అని, రమ్మనలేదా?"

"ఆయ్. లేదండీ."

ముసలాయన చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. కాకి ఒకటి మెట్టు మీదకి వచ్చి ఆయన వైపే చూస్తోంది. "ఆ మధ్యాన్నం కంచం ముందు కూచునేటప్పటికే నా కోపం పోయుంటాది ఏసుపాదం. ఆ కూర ముందు కోపం నిలబడేది కాదు" అన్నారు. తరవాత ఎస్తేరమ్మగారి వైపు చెవి తిప్పి, చిన్నగా, "ఇంకెవర్నైనా వెనక్కి పంపేనా ఎస్తేరమ్మా?" అని అడిగారు.

ఎస్తేరమ్మగారు పటం విప్పారు. "నాకు మీరు ఇదిచ్చేరండీ. నువ్వు ప్రేమ గురించి ఎక్కువ చెబుతున్నావు, జనం అలుసైపోతన్నారు, ఇది చూపించి చెప్పు అన్నారు. అప్పట్నుంచీ ఇదే చెబుతున్నానండీ."

నేను ఎస్తేరమ్మగారిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను.

అయ్యగారు పటం మీదకి వంగి, చిల్లిలో వేలు పెట్టి, "ఇక్కడేం ఉండేది?" అన్నారు.

"పరలోకమండీ."

ఎవరూ నవ్వలేదు. ముసలాయన లేచి, మెట్టు దిగి, ఏసుపాదం గారి ముందు రెండు చేతులూ జోడించారు. తప్పైపోయిందని, తనని క్షమించమని అడిగారు.

ఏసుపాదం గారు ఆయన కాళ్ల మీద పడిపోతారని, అందరం ఏడుస్తామని నేను ముందే అనుకుని చేతిరుమాలు తీసి పట్టుకున్నాను. ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది. కింద పెట్టిన కొబ్బరికాయల సంచి తీసి మళ్లీ భుజాన వేసుకున్నారు. "ఆలోచించుకుని చెప్తానండీ" అని బస్టాండు వైపు నడిచిపోయారు.

తిరుగు పంటులో ఆయన కొబ్బరికాయల సంచి భుజం మీద నుంచి దించలేదు. మార్తమ్మగారే, "నిన్నటి దాకా ఆయన కోపం దిగలేదని వంటింట్లో కూచున్నావు. ఇప్పుడు నీ కోపం దించడానికి ఎవర్ని చెట్టెక్కించాలి?" అన్నారు. ఆయన గోదావరి వైపు తిరిగి కూర్చున్నారు.

కోపం చేతులు మారాక

మర్నాడు పొద్దున్నే చెరువుగట్టు తోటలో కాయలు పడుతున్న చప్పుడు. ఏసుపాదం గారు చెట్టెక్కారు. ఎక్కి, పై నుంచి రామచంద్రపురం వైపు తిరిగి, పదేళ్ల తిట్లు తిడుతున్నారు. ఒక్కో గెలకి ఒక్కో తిట్టు. తోట రైతు వెళ్లి, ఎవరినండీ అని అడిగితే, నా సొంత పనండీ అన్నారట.

భయం ఎలా పోయిందని నేను అడగలేదు, మార్తమ్మగారు అడిగి నాకు చెప్పారు. తిట్టిన మనిషికే గుర్తు లేని తప్పు, అంతకంటే ఎంతో పెద్దాయనకి ఎందుకు గుర్తుంటుంది అన్నారట. ఇన్నేళ్ల ఎస్తేరమ్మగారి బోధలోనూ, నా చదువులోనూ తేలనిది ఆ పుంజు కూర తేల్చేసింది.

కానీ ఆదివారం వస్తే మళ్లీ చివరి బెంచీయే. నా ముందుకి వచ్చి ఆయనే చెప్పుకున్నారు. "ఇప్పుడు కోపం నాదండీ. ఇది పెట్టుకుని బల్ల దగ్గరికి ఎలా వస్తానండీ? పోగొట్టుకుందామంటే పోదు. పదేళ్లండీ." మార్తమ్మగారి పక్క చోటు అలాగే ఖాళీ.

క్షమాపణ అడగవలసిన వాళ్ల బాధ గురించి బీరువాలో బోలెడు పుస్తకాలున్నాయి. ఇవ్వవలసిన వాళ్ల బాధ గురించి వెతికితే నాకు పెద్దగా దొరకలేదు. దేవుడికి కోపం తెచ్చుకోవడం తేలికైన పని అనుకుంటాను. క్షమించడమనే రెండో పని ఎంత బరువో, ఒక మంచి మనిషి దాన్ని ఎత్తలేక వారాల తరబడి అవస్థ పడటం చూశాక కొంచెం అర్థమైంది. ఎస్తేరమ్మగారికి ఈ మాట చెబితే ఆవిడ కాదనలేదు. ఆ రోజుల్లో ఆవిడ పటం బయటికి తీయడం లేదు. తీయకపోతే ఏం చెప్పాలో తోచక, ఇళ్లకి వెళ్లి ఊరికే గంజి పోసి వచ్చేస్తున్నారు. జ్వరాలు అలా కూడా తగ్గుతున్నాయని ఒకసారి ఆశ్చర్యపోయారు.

ప్రభు బల్ల ఉన్న ఒక ఆదివారం, పాట సగంలో ఉండగా దైవసహాయం గారు చర్చిలోకి వచ్చారు. ఒక్కరే, గొడుగు ఊతంగా, రేవు దాటి వచ్చారు. కొత్త అయ్యగారు కంగారుగా దిగి వచ్చి ముందు కుర్చీ చూపించారు. ముసలాయన తల అడ్డంగా ఊపి, చివరి బెంచీ దగ్గరికి వెళ్లి, ఏసుపాదం గారి పక్కన కూర్చున్నారు. ఆ చెవి వినబడని మనిషి మెల్లగా అంటున్నాననుకుని అన్న మాట చర్చి అంతా వినబడింది. "నువ్వు రమ్మనే దాకా నేనూ ముందుకి వెళ్లను."

ప్రసంగం ఎవరూ వినలేదు. బల్ల దగ్గరికి పిలుపు వచ్చింది. బెంచీ వెనక బెంచీ లేచి వెళ్లి వచ్చింది. మార్తమ్మగారు ముందు మోకరించి, వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయారు. చివరి బెంచీ కదలదు. ఇద్దరూ గోడ వైపు చూస్తున్నారు. కొత్త అయ్యగారు రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. పాట పాడేవాళ్లు చరణాలైపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఎస్తేరమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు.

ముసలాయనకి దగ్గు తెర వచ్చింది. ఆగడం లేదు. ఏసుపాదం గారు కాసేపు గోడనే చూశారు. తరవాత ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమిరారు. దగ్గు తగ్గినా చెయ్యి తీయలేదు. లేచి నిలబడి, చెయ్యి అందించారు.

"లేవండి అయ్యగారూ. మార్తమ్మ ఇంటికాడ కోడి వండింది. చల్లారిపోద్ది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ముందుకి నడిచారు. మార్తమ్మగారు పక్కకి జరగలేదు. జరగక్కర్లేదు, చోటు ఉంది. ముసలాయన్ని ఒక పక్క, మొగుణ్ణి ఒక పక్క మోకరింపజేసుకుని, రొట్టె పుచ్చుకునే ముందు మొగుడితో ఏదో అన్నారు. ఉప్పు సరిపోయిందో లేదో చూడు అన్నారని పేటలో అంటారు. నాకు వినబడలేదు కాబట్టి రాయను.

పటం చిల్లికి ఎస్తేరమ్మగారు తెల్ల గుడ్డ అతుకు వేయించారు. దాని మీద పరలోకం గీయమని నన్ను అడిగారు. నాకు బొమ్మలు రావు. తెల్లగానే వదిలేశాం. ఇప్పుడు పిల్లలు అక్కడ ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. నా తరవాత వచ్చే అమ్మాయికి బొమ్మలు వచ్చినా దయచేసి గీయవద్దు.

నేను బంగళా ఖాళీ చేసిన రోజు రిక్షాలో పుస్తకాల మూట పెట్టుకుని చెరువుగట్టు మీదుగా వెళ్తున్నాను. పైన ఏసుపాదం గారు కాయలు దింపుతున్నారు. రిక్షా ఆపించి, తొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఎత్తనంత గొంతెత్తి, వెళ్లొస్తానండీ బాబాయిగారూ, పైన భయంగా లేదా అని అడిగాను. ఆకుల్లోంచి ఆయన ముఖం కనబడలేదు. మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"నేను పడినా ఆయన చేతుల్లోనే గదండీ పడేది, అమ్మాయిగారూ. మీరు కాస్త పక్కకి జరగండి, కాయ పడితే మీ మీదే పడ్తాది."